బెజవాడ ఎండల్లో రాత, బొమ్మ: ఉగాది నుంచి మృగశిర దాకా ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

మాది సత్యనారాయణపురంలో పైవాటా. నెత్తిన డాబా, పడమటికి కిటికీ. పిల్లల కథలు రాస్తాను. వాటికీ, వేరేవాళ్ళ పుస్తకాలకీ బొమ్మలు వేస్తాను. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా నా బల్ల మీద పని మిగతా ఏడాదిలా సాగదు. మే రెండో వారంలో కృత్తిక కార్తె, 25 ప్రాంతంలో రోహిణి. రోహిణిలో రోళ్ళు పగులుతాయని మా అమ్మమ్మ అనేది. ఆ రోజుల్లో నేను రంగులో బ్రష్షు ముంచి తెచ్చేలోపే కాగితం మీద తడి ఆరిపోతుంది.

ఈ ఊరి ఎండ పగలొకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. పగలు వాయవ్యం నుంచి వడగాలి, పొడిగా, పొయ్యి దగ్గర మొహం పెట్టినట్టు. పొద్దు వాలాక గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే ఉక్కపోత. చుట్టూ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు. పగలంతా కాగిన రాయి రాత్రి పూట వేడి వదులుతుంది. మన శ్లాబూ అదే పని చేస్తుంది. ఇక రోజులో మనకు మిగిలేవి నాలుగైదు చల్లటి గంటలు. వాటిని నేను చల్లపొద్దు అంటాను. గది సర్దుకోవడం, రంగు కలపడం, గడువు చెప్పడం, డబ్బు అడగడం, అన్నీ ఆ గంటల్ని కాపాడుకునేలా ఉండాలి. ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నదీ, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెబుతున్నదీ ఇదే.

మొదటి అడుగు: మీ గదిలో చల్లపొద్దు ఎప్పుడో కనిపెట్టండి

వాతావరణ శాఖ చెప్పేది ఊరి ఉష్ణోగ్రత. మీ గది లెక్క వేరు. ఒక గది థర్మామీటర్ కొని బల్ల మీద, గోడకి తగలకుండా పెట్టండి. మూడు రోజుల పాటు, తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా, గంటకోసారి చూసి రాసుకోండి. చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. బయట మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఎండ తారస్థాయిలో ఉంటే, పైవాటా గదిలో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అన్యాయంగా ఉంటుంది. శ్లాబు తాగిన వేడి అప్పుడు కిందికి దిగుతుంది. కింది వాటాలో, తూర్పు గదిలో ఉన్నవాళ్ళకు సాయంత్రం పనికొస్తుంది. అందుకే ఇంకొకరి దినచర్య మీకు సరిపోదు.

నా గదికి కుదిరిన దినచర్య ఇది. నాలుగుంపావుకి లేస్తాను. నాలుగున్నర నుంచి దాదాపు ఆరు దాకా రాత. అప్పుడు దీపం వెలుగు చాలు, పాలవాడి సైకిల్ బెల్లు తప్ప చప్పుడుండదు. మేలో ఐదున్నర, ఐదుంముప్పావు మధ్య తెల్లారుతుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా రంగుల పని. రంగుని పగటి వెలుగులోనే చూడాలి. ఎల్‌ఈడీ కింద కలిపిన గోధుమరంగు మర్నాడు పొద్దున చూస్తే ఆకుపచ్చ కొడుతుంది. తొమ్మిది నుంచి పదకొండు దాకా స్కానింగ్, మెయిళ్ళు, ఫోన్లు, బిల్లులు. పన్నెండు నుంచి నాలుగు దాకా కొత్తగా ఏదీ మొదలుపెట్టను. గంటన్నర నిద్ర తప్పనిసరి. నాలుగింటికి లేచే మనిషి మధ్యాహ్నం పడుకోకపోతే వారం తిరిగేసరికి చెయ్యి వణుకుతుంది, గీత చెదురుతుంది. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఓ గంట ప్రూఫులు దిద్దుతాను. మధ్యాహ్నం వేడిలో దిద్దిన ప్రూఫుల్లో దీర్ఘాలు, ఒత్తులు జారిపోవడం నాకు చాలాసార్లు అనుభవమైంది. అందుకని ఆ పని చల్లబడ్డాకే ముట్టుకుంటాను.

ఇంట్లోవాళ్ళకు ఈ గంటలు చెప్పి, కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. బడులకు సెలవులు, పిన్ని పిల్లలు, అత్తయ్య పిల్లలు వస్తారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, గ్యాసు బండ వస్తే తీసుకోరా" అని పక్కవాటావాళ్ళు కూడా అంటారు. "తొమ్మిదిన్నర తర్వాతైతే తప్పకుండా పిన్నిగారూ" అని నేను చెబుతాను. రెండుసార్లు చెబితే అలవాటు పడ్డారు. పిల్లలకు మాత్రం పాడైన కాగితాల కట్ట, అరిగిన పెన్సిళ్ళు ఇచ్చి కింద చాప మీద కూర్చోబెట్టండి. నా కథల్లో మంచి పాత్రలు కొన్ని ఆ చాప మీద పుట్టాయి. ఆవకాయ పెట్టే రోజు పని పెట్టుకోవద్దు. ఆవపిండి, కారం, నూనె అంటిన చేతులతో బల్ల దగ్గరికి రాలేం. ఆ రోజు అమ్మ పక్కన ముక్కలు తుడవడం కంటే ముఖ్యమైన పని ఏముంది?

రెండో అడుగు: గదిని ఎండకు సిద్ధం చేయండి

మార్చి నెలాఖరుకే చేయాలి. ఏప్రిల్ దాటితే పనివాళ్ళు దొరకరు, మీకూ ఓపిక ఉండదు.

డాబాకి సున్నం. ఇంతకంటే చవకైన ఉపాయం నాకు తెలియదు. సున్నాన్ని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, గట్టిగా పట్టుకోవడానికి కాస్త ఫెవికాల్ కలిపి, ఊడ్చి కడిగిన డాబా మీద రెండు పూతలు వేయాలి. తెల్లటి పూత ఎండని తిప్పికొడుతుంది, శ్లాబు అంతగా కాగదు. ఇంటివాళ్ళని ముందుగా అడగండి, చాలామంది కాదనరు. కొందరు కూల్ రూఫ్ పెయింటు వేయిస్తారు. ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. అద్దె ఇంటికి సున్నమే మేలు. పడమటి కిటికీకి బయటివైపు ఆకుపచ్చ నెట్టు గానీ, వెదురు చాప గానీ కట్టండి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది. బల్లని పడమటి గోడ నుంచి జరపండి. ఉత్తరపు కిటికీ ఉంటే దాని పక్కన వేయండి. ఉత్తరపు వెలుగు రోజంతా పెద్దగా మారదు, బొమ్మలవాళ్ళకు అది వరం.

పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసేయాలి. బయట గాలి గదికంటే చల్లబడ్డాకే తెరవాలి.

కూలర్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బొమ్మలవాళ్ళకు ఇది పెద్ద చిక్కు. వడగాలి పొడిగా ఉన్నప్పుడు కూలర్ బాగా పనిచేస్తుంది. సాయంత్రం ఉక్కలో దాని వల్ల చెమట ఆరదు సరికదా, గదంతా చెమ్మ పడుతుంది. కాగితం చెమ్మని పీల్చుకుని అలలు తేలుతుంది, కిందటి రోజు ఆరిన పోస్టర్ రంగు వేలికి అంటుతుంది. కాబట్టి కూలర్ పడుకునే గదిలో పెట్టుకోండి. బల్ల ఉన్న గదిలో పెట్టొద్దు. ఏసీ కొనగలిగితే చిన్న గదికే పెట్టించుకుని, 26 దగ్గర ఉంచి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఏసీ ఉన్నా చల్లపొద్దు వదులుకోవద్దని నా సలహా. కరెంటు పోయిన రోజున మీ పని ఆగదు.

మూడో అడుగు: కాగితం, రంగు, సిరా

నీటిరంగులతో పనిచేసేవాళ్ళకు మే నెలలో మొదటి దెబ్బ వాష్ దగ్గర, అంటే పల్చటి రంగుని ఒకే పొరగా పరిచే చోట తగులుతుంది. ఆకాశం సగం వేసేలోపు పై అంచు ఆరి గీత పడుతుంది. దాన్ని సరిచేయబోతే మరకవుతుంది. దీనికి నేను చేసేవి:

300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) నూలు కాగితం వాడతాను. పల్చటి కాగితం ఈ వేడిలో నిలవదు. కాగితాన్ని రెండు వైపులా తడిపి, నీళ్ళు కారిపోయేలా ఓ నిమిషం ఎత్తి పట్టుకుని, అద్దం పలక మీద పరుస్తాను. కింద తడి ఉన్నంతసేపు పైన ఆరదు. ఈ ఒక్క పద్ధతితో నాకు వాష్ వేసే సమయం కొన్ని నిమిషాల నుంచి అరగంట దాకా పెరిగింది. రంగు మామూలుగా కలిపేదానికి రెట్టింపు కలిపి పెట్టుకోండి, మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్ళీ రాదు. బ్రష్షు ఒక సైజు పెద్దది తీసుకోండి. కలిపే నీళ్ళలో గ్లిజరిన్ ఒక చుక్క వేస్తే ఆరడం నెమ్మదిస్తుంది. రెండు మూడు చుక్కలు వేస్తే మాత్రం బొమ్మ జిగురుగా మిగిలిపోతుంది, వానాకాలంలో బూజు పడుతుంది.

వాష్ వేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. అందుకే టేబుల్ ఫ్యాన్ ఒకటి కొనుక్కోండి. దాన్ని బల్ల కింద, కాళ్ళకి గాలి తగిలేలా పెడితే ఒళ్ళు చల్లగా ఉంటుంది, కాగితానికి గాలి తగలదు.

గువాష్ (నీళ్ళతో కలిపే చిక్కటి రంగు), పోస్టర్ రంగులు పళ్ళెంలో పదినిమిషాలకే పెళుసుగా మారతాయి. మూత ఉన్న వెడల్పాటి డబ్బా తీసుకుని, అడుగున తడిపిన స్పాంజి పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి, రంగులు దానిమీద పెట్టండి. మూత పెడితే మర్నాటి పొద్దున్నకూ మెత్తగానే ఉంటాయి. రంగు పడకూడని చోట పూసే మాస్కింగ్ ద్రవం ఈ వేడికి కాగితంలోకి పట్టేసి, తీసేటప్పుడు పొరతో సహా ఊడి వస్తుంది. పొద్దున పూసింది మధ్యాహ్నానికి తీసేయాల్సిందే. మైనపు రంగు పెన్సిళ్ళు మెత్తబడి ములికి చిదికిపోతుంది, ఆయిల్ పాస్టెల్స్ అయితే మరీ మెత్తబడతాయి. మధ్యాహ్నం వాటిని మట్టికుండ పక్కన నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

ఇండియన్ ఇంకు పాళీ మీద త్వరగా గడ్డకడుతుంది. అందులో లక్క ఉంటే గట్టిపడిపోతుంది. పది నిమిషాలకోసారి పాళీని నీళ్ళలో ముంచి గుడ్డతో తుడవండి. బుడ్డీ మూత తెరిచి ఉంచకండి, చిన్న మూతలోకి కాస్త కాస్త ఒంపుకోండి.

ఇక చెమట. అరచేతి చెమ్మలో ఉప్పు, జిడ్డు ఉంటాయి. అవి అంటిన చోట రంగు పట్టదు. ఆ మరక అప్పుడు కనబడదు, రంగు వేశాకే బయటపడుతుంది. మణికట్టు కింద బ్లాటింగ్ పేపర్ గానీ, ఉతికిన పాత నూలు గుడ్డ గానీ పెట్టుకోండి. నుదుటికి తువ్వాలు కట్టుకోండి. ఒక పుస్తకానికి వేసిన నాలుగో బొమ్మ, నెమలి, పూర్తయ్యేసరికి మెడ మీద ఒక చుక్క పడింది. నాలుగు రోజుల పని మళ్ళీ వేశాను. అప్పటి నుంచి తువ్వాలు లేకుండా బల్ల దగ్గర కూర్చోలేదు.

పూర్తయిన బొమ్మలు రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద ఉంచి, మర్నాడు స్కాన్ చేయండి. రంగు బొమ్మకి కనీసం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గీతల బొమ్మకి 600. తెర మీద మెరిసే నీలం, చిలకపచ్చ అచ్చులో కాస్త డీలాపడతాయి. అందుకే మొదటి బొమ్మని ప్రెస్సులో ఒక ప్రూఫు తీయించి చూశాకే మిగతావి పూర్తిచేయండి. గవర్నర్‌పేట, సూర్యారావుపేటల్లో ప్రెస్సులున్న ఊళ్ళో ఉండి ఆ పని చేయకపోవడం తప్పు.

నాలుగో అడుగు: కరెంటు, పరికరాలు

లెక్క తెలిస్తే కోత భయం తగ్గుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. నష్టాలు పోను, బ్యాటరీని పూర్తిగా పిండకుండా వెయ్యి వాడుకోవచ్చు అనుకోండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75, ల్యాప్‌టాప్ 60, రౌటర్ 10, మొత్తం 145 వాట్లు. దాదాపు ఏడు గంటలు. అదే కరెంటు తక్కువ తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే మొత్తం 100, పది గంటలు. ఇన్వర్టర్ మార్చేకంటే ముందు ఫ్యాన్ మార్చండి. వేసవిలో బ్యాటరీ నీళ్ళు త్వరగా ఇగురుతాయి. నెలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్ళు పోయకూడదు.

చాలా ట్యాబ్లెట్లను 35 డిగ్రీల లోపు వాడమని తయారీదారులే చెబుతారు. మధ్యాహ్నం గది అది దాటేసి ఉంటుంది. వేడెక్కిన తెర వెలుగు తగ్గిపోతుంది, ఆ మసకలో వేసిన రంగులు చల్లబడ్డాక చూస్తే వేరేగా కనిపిస్తాయి. ఛార్జింగ్ పెట్టి బొమ్మ వేయొద్దు, బండి డిక్కీలో అసలు పెట్టొద్దు. ఫైళ్ళని రోజూ రెండు చోట్ల దాచండి.

ఐదో అడుగు: ఒళ్ళు

పొద్దున కాఫీకి ముందు రెండు గ్లాసుల నీళ్ళు. ఏడింటికి చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, లేదా రాగి జావ. తొమ్మిదికి సబ్జా గింజలు నానేసిన నిమ్మనీళ్ళు. మధ్యాహ్నం మజ్జిగ పలచగా, ఉప్పు, కరివేపాకు, అల్లం వేసి. సాయంత్రం ముంజలు దొరికితే ముంజలు. పని ధ్యాసలో దాహం తెలియదు, కాబట్టి లీటరు సీసా కళ్ళెదుట పెట్టి, తొమ్మిదిలోపు ఖాళీ చేయాలని నియమం పెట్టుకోండి. రంగు నీళ్ళ గ్లాసు, తాగే నీళ్ళ గ్లాసు పక్కపక్కన ఉండకూడదు. తాగే నీళ్ళు మూతసీసాలోనే ఉంచండి.

ఎండలో తిరిగి వచ్చి నీరసంగా ఉంటే ఓఆర్‌ఎస్ తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. రెండూ టీ చెంచాతో, పైన గుట్ట లేకుండా సమం చేసి కొలవాలి. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతూ స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, మెడకి, చంకల్లో తడిగుడ్డలు పెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తుంది. ప్రెస్సుకి, క్లయింటు దగ్గరికి వెళ్ళే రోజుల్ని వాటిని చూసి నిర్ణయించుకోండి. ఒంటరిగా ఉండి పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసే మనిషిని పెట్టుకోండి. నాకు మా అక్క చేస్తుంది.

ఆరో అడుగు: గంటకి విలువ కట్టండి, గడువు దాన్నిబట్టి చెప్పండి

ఇక్కడే చాలామంది నష్టపోతారు. చలికాలంలో రెండు రోజుల్లో అయిన బొమ్మకి మేలోనూ రెండు రోజులే గడువు ఇచ్చి, మధ్యాహ్నం వేడిలో కూర్చుని, పాడుచేసి, మళ్ళీ వేస్తారు.

ముందు మీ పనులకు ఎన్ని గంటలు పడుతుందో రాసుకోండి. నాకు పూర్తి పేజీ రంగుబొమ్మకి తొమ్మిది గంటలు. చలికాలంలో రోజుకు ఏడు మంచి గంటలుంటే దాదాపు రోజున్నర. వేసవిలో రంగులకు దొరికేవి మూడే, కాబట్టి మూడు రోజులు. దిద్దుబాటుకి ఒక రోజు కలిపి నాలుగు రోజులు చెబుతాను.

డబ్బు లెక్క కూడా వేద్దాం. అద్దె, తిండి, రంగులు, పన్ను, పొదుపు, వేసవి కరెంటు బిల్లు కలిపి నెలకు 42,000 అనుకోండి. చల్లటి గంటలు రోజుకు 5 చొప్పున 24 రోజులకు 120. అందులో పావు వంతు డబ్బు రాని పనులకు పోతుంది, మిగిలేవి 90. గంటకి సుమారు 467 రూపాయలు. అదే చలికాలంలో రోజుకు 7 గంటలైతే, 126 గంటలు మిగిలి, గంటకి 333. అంటే మే నెల గంట ఖరీదైనది. పాత క్లయింట్లకు ధర పెంచను, గడువు పెంచుతాను. మర్నాటికే కావాలనే కొత్తవాళ్ళకు ధరే పెంచి చెబుతాను. చలికాలం ఆదాయంలోంచి కొంత వేసవికని పక్కన పెట్టుకోవడం కూడా ఈ లెక్కలో భాగమే.

"చిన్న బొమ్మేగా అండీ, సాయంత్రానికి ఇచ్చేయండి" అని ఫోన్ వస్తే నేను పంపే జవాబు ఇలా ఉంటుంది: "నమస్కారమండీ. ఈ బొమ్మకి తొమ్మిది గంటల పని ఉంది. శుక్రవారం ఉదయం పది గంటలకు పెన్సిలు చిత్రం, మీరు సరేనన్నాక మంగళవారానికి రంగులతో ఇస్తాను. రెండుసార్లు మార్పులు ఇందులోనే కలిసి ఉన్నాయి. సగం ముందుగా పంపితే మొదలుపెడతాను." ఎంత పని, ఎప్పటికి, ఎన్ని మార్పులు, ఎంత ముందస్తు: ఈ నాలుగూ ఉంటే తర్వాత మాట పడక్కర్లేదు.

వేసవిలో పని తక్కువగా ఏమీ ఉండదు. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, కాబట్టి పిల్లల వాచకాలు, వర్క్‌బుక్కులు, గైడ్ల బొమ్మలు ఏప్రిల్, మేలో నడుస్తాయి. కాలేజీల ప్రవేశాల కరపత్రాలు అప్పుడే. పెళ్ళి ముహూర్తాలు ఉన్న నెలల్లో శుభలేఖలకు జంట బొమ్మలు అడుగుతారు. డబ్బు త్వరగా చేతికొచ్చే పని అది. పిల్లలకు చిత్రలేఖనం నేర్పే వేసవి శిబిరాలు పొద్దున ఏడు నుంచి తొమ్మిదింటి దాకా పెడతారు. చల్లపొద్దంతా తింటాయి కనుక వారానికి రెండు రోజులకు మించి ఒప్పుకోను. దీపావళి సంచికలకు కథలు, జనవరి పుస్తక మహోత్సవానికి రావాల్సిన పుస్తకాల రాతప్రతులు ఈ నెలల్లోనే మొదలవ్వాలి. రోజూ తెల్లవారుజామున రెండు పేజీలు రాస్తే మృగశిర నాటికి పిల్లల నవల చిత్తుప్రతి చేతిలో ఉంటుంది.

మార్చిలో లెక్కలు మూసేస్తారు, ఏప్రిల్‌లో చెల్లింపులు నత్తనడక నడుస్తాయి. ఫిబ్రవరిలోనే బాకీలు వసూలు చేసుకోండి. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం. సూక్ష్మ సంస్థగా నమోదైనవాళ్ళకు ఒప్పందంలో ఏమున్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతుంది. ఒప్పందమే లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. బిల్లు కింద ఆ నమోదు సంఖ్య రాయడం మొదలుపెట్టాక నాకు డబ్బు త్వరగా వస్తోంది. ఒకే సంస్థ నుంచి ఏడాదికి 50,000 దాటితే వృత్తి సేవల కింద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. అది మీ ఖాతాలో జమ పడిందో లేదో చూసుకుని, రిటర్ను వేస్తే ఎక్కువ కోసినది వెనక్కి వస్తుంది. మధ్యాహ్నపు గంటలు ఇలాంటి పనులకు సరిపోతాయి.

ఏడో అడుగు: హక్కులు రాతలో

ఒకసారి ఒక ప్రచురణకర్త కోసం కథల పుస్తకానికి ముఖచిత్రం వేశాను. నోటిమాట మీద పని. మరుసటి ఏడాది అదే బొమ్మ ఇంకో పుస్తకం మీద కనిపించింది. అడిగితే, డబ్బిచ్చాం కదా అన్నారు. చట్టం చదివాక చాలాసేపు బాధపడ్డాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కథకి హక్కు రాసినవాళ్ళదే. కానీ డబ్బిచ్చి గీయించుకున్న పెయింటింగ్, చిత్తరువు విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు గీయించుకున్నవాళ్ళు. రాసేవాళ్ళకంటే గీసేవాళ్ళకు కాగితం మరింత అవసరం.

ఒక పేజీ చాలు. ఏ బొమ్మ, ఏ పుస్తకానికి, ఎన్నాళ్ళు, ఎక్కడ, అచ్చుకేనా, ఈ-బుక్కుకి కూడానా, మిగతా హక్కులు చిత్రకారుడివే అని, మూలచిత్రం తిరిగి ఇవ్వాలని రాసి ఇద్దరూ సంతకం చేయాలి. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే 5 ఏళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టమే లెక్కిస్తుంది. ఆ తర్వాత ఏ పనీ సంతకం లేకుండా మొదలుపెట్టలేదు. పది మందిలో ఒకరు విసుక్కుంటారు, మిగతావాళ్ళు మర్నాడే సంతకం పెట్టి పంపుతారు.

ఎనిమిదో అడుగు: బయటికి వెళ్ళి గీయండి

వారానికి రెండు పొద్దులు గది వదలండి. ఐదున్నరకి ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే 1957 నాటి ఆ గేట్ల వరుస, వేసవిలో నీళ్ళు తగ్గి బయటపడిన ఇసుక తిన్నెలు, కొండ వెనక వెలుగు, అన్నీ ఒక్క పేజీలో పడతాయి. ఏడు దాటితే వెలుగు తెల్లబడి నీడలు పోతాయి. ఏప్రిల్ నుంచి నున్న మామిడి మార్కెట్‌కి వెళ్ళండి. బంగినపల్లి గుట్టలు, వరిగడ్డి పరిచిన లారీలు, తలపాగాలు, బేరాలు. నిలబడి గీసే అలవాటు లేనివాళ్ళకు అంతకంటే మంచి బడి లేదు. మనుషుల్ని గీసేముందు ఓ మాట అడగండి. నాకు ఎవరూ కాదనలేదు, ఒకాయన రసాలు చేతిలో పెట్టి పంపాడు.

సాయంత్రం గది కాగే వేళకి గ్రంథాలయానికి వెళ్ళండి. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన ఊరు ఇది. ఠాగూర్ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తూ కూర్చోవచ్చు. ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాల్లో పాత పిల్లల పత్రికలు దొరికితే వదలొద్దు. వడ్డాది పాపయ్య రంగులు, బాపు గీత కళ్ళతో చదివి నేర్చుకోవాల్సినవి. బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుడి ముందు కూర్చుని వస్త్రపు మడతలు గీసి చూడండి, సిబ్బందిని అడిగాకే. నది దాటితే ఉండవల్లి గుహలు. శయనించిన అనంతపద్మనాభుడు ఉన్న అంతస్తులో రాయి చల్లగా ఉంటుంది.

తొలకరి పడిన వారం

జూన్ రెండో వారంలో మొదటి వాన పడగానే పనులు మారతాయి. డాబా మీది సున్నం కరిగి గొట్టాల్లో పేరుకుంటుంది, వాన ముందే ఓసారి ఊడ్పించండి. పూర్తయిన బొమ్మల మధ్య బటర్ పేపర్ వేసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న పెట్టెలోకి మార్చండి. గ్లిజరిన్ సీసా లోపల పెట్టేయండి. ఇక వాష్ ఆరడానికి అరగంట పడుతుంది, కొన్నిసార్లు గంట. మళ్ళీ మూడు రోజులు థర్మామీటర్ చూసి, తలుపుకి అంటించిన కాగితం తీసి కొత్త గంటలు రాయండి.